కిటికీ పక్క చోటు

"షెడ్డు సర్దే పని సేటు నాకే ఇచ్చిండు," అంటూ మహేందర్ నవ్వుకుంటూ వచ్చాడు. మాకు పెళ్లయి ఇరవై రోజులు. ఆయన నవ్వితే పొయ్యి మీది చాయ్ కూడా నాకు గుర్తుండదు.

"షెడ్డు సర్దనీకి కరీంనగర్ నుంచి వస్తనన్న మేనేజర్ రాడా?"

"సమ్మెల బస్సులు బందాయె. మన షెడ్డుకు బయటోడెందుకు అన్నడు సేటు. ఏ సాంచ ఎక్కడుండాలె, ఎవరెక్కడ కూసోవాలె, అంత నా ఇష్టమే."

"అయితే ముందుగాల అత్తమ్మను కిటికీ కాడ కూసోబెట్టు."

అత్తమ్మ గౌరవ్వ అదే షెడ్డులో, సాంచలనే ఆ మరమగ్గాలకు కండెలు చుడుతుంది. నూలు దుమ్ముకు ఆమె దగ్గు ఆగడం లేదు.

"వద్దు కొడుకా," అంది అత్తమ్మ. "ఉన్నదే ఒక్క కిటికీ. పెత్తనం రాంగనే అవ్వను సూసుకున్నడంటరు. ఇగ నీ మాట ఎవ్వలింటరు?"

"అందరికన్న నీకే గద దగ్గు ఎక్కువ."

"ఉంటే ఉండనీ. వాళ్లకు నేను నీ అవ్వనే."

ఆమెకు మళ్లీ దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా మహేందర్ తల ఎత్తలేదు.

"మేనేజర్‌కు నువ్వెవరో తెల్వదవ్వా," అన్నాడు. "ఆయనకు నీ దగ్గొక్కటే ఇనపడ్తది."

తర్వాత నా వైపు తిరిగాడు.

"రేపు పొద్దుగాల ఈ పని నాకొద్దని సేటుకు చెప్పి, బండి మీద కరీంనగర్ పోత. ఆయనను నేనే తీసుకస్త."