రొట్టెతో చెరిపిన మీసం

రొట్టె ఇవ్వడానికి చిత్రకారుడు అనతోల్ గదిలోకి వచ్చిన జెలీ, గోడ మీది పెన్సిల్ బొమ్మ చూసి కెవ్వుమంది.

కిందటి ఆదివారం సేన్ నది ఒడ్డున, డాన్సు తోటలో గీసిన బొమ్మ అది. జనం మధ్య ఒక జంట. బొద్దు మీసాలాయన భుజం మీద తల వాల్చి, కళ్ళు మూసుకుని తిరుగుతున్న ఆడమనిషి. అనతోల్ ఎవరో అనుకుని గీశాడు. తీరా చూస్తే తన గది కిందే ఉన్న రొట్టెల కొట్టు జెలీ!

“కొంప ముంచారు కదండీ! దీన్ని ప్రదర్శనలో పెడతారా?”

“పెట్టక, దాచుకోవడానికి గీశానా? ఇంత బాగా నాకెప్పుడూ కుదర్లేదు.”

“ఆగుస్తిన్ వస్తాడండీ ప్రదర్శనకి. ఇది చూశాడంటే జన్మలో నా మొహం చూడడు. అతను లేకపోతే నేను బతకలేను!”

నిజంగానే ఏడ్చేసింది.

అనతోల్ ఈ వీధికి కొత్త. కొట్టుగల రొట్టెలాయన్ని, అంటే జెలీ మొగుణ్ణి, ఇంకా చూడలేదు. ఆయనకు రాత్రంతా పొయ్యి దగ్గర పని, పగలంతా నిద్ర. అయినా రోజూ అంతంత పిండి పిసికే చేతులు పెళ్ళాం మీద కోపమొస్తే ఏం చేస్తాయో ఊహించుకుని జడిశాడు.

“అంత భయం ఉన్నదానివి, అందరి ముందూ అలా వాలిపోతావా తల్లీ?”

“ఆ పూట మనసు ఆగలేదండీ,” అంది సిగ్గుపడుతూ.

ఇక తప్పలేదు. ఆమె తెచ్చిన రొట్టెనే తుంచి, లోపలి మెత్తటి ముద్దను ఉండ చేసి బొమ్మ మీద రుద్దాడు. పెన్సిల్ గీతకు అంతకు మించిన మందు లేదు. మీసం పోయింది. నెత్తికి కుచ్చుల టోపీ వచ్చింది. ప్యాంటు మీదికి గౌను దిగింది. ఆడవాళ్ళిద్దరు కలిసి డాన్సు చేస్తే ఎవరికి అభ్యంతరం?

జెలీ కళ్ళు తుడుచుకుని చూసింది. చూసి పకపకా నవ్వింది.

“అచ్చం మా అత్తగారే!”

అనతోల్‌కి మాత్రం ప్రాణం ఉసూరుమంది. చేతులారా మంచి బొమ్మ పాడుచేసుకున్నాడు.

“పోనీలే, నీ సంసారం నిలబడింది. ఇంతకీ ఎవరమ్మా ఆ మీసాల అదృష్టవంతుడు?”

జెలీ మిగిలిన రొట్టె ముక్క నోట్లో వేసుకుంది.

“మా ఆయనే కదండీ, మొగుడంటే నాకు ఒళ్ళుమంటని ఆగుస్తిన్‌ని ఇన్నాళ్ళూ నమ్మిస్తూ వస్తున్నాను మరి!”