కాలవగట్టు నుంచి ఫోను

ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే ఫోను మోగింది. "హైమవతిగారూ, మీరు కొన్న కవరు కాలవలో పడి ఉంది. గంటలోగా వచ్చి తీసుకెళ్ళండి."

కొట్లో ఇచ్చే ప్లాస్టిక్ కవరు మీద కొన్నవాళ్ళ పేరూ నంబరూ అచ్చేసి, అది ఎక్కడ పడినా వాళ్ళే వెళ్ళి ఏరుకోవాలన్న రూలు వచ్చి మూడేళ్ళయింది. హైమవతి మళ్ళీ చెప్పులేసుకుంది.

గట్టు మీద అప్పటికే నలుగురు కర్రలతో కవర్లు లాగుతున్నారు.

"కవరుకి ఐదు రూపాయలు పుచ్చుకుని వదిలేసిన రోజులే నయమమ్మా," అన్నాడొక పెద్దాయన. "అప్పుడు దానిక్కూడా కొట్లో పోట్లాడేవాణ్ణి."

"ఇదే నయంలెండి, కాలవలో నీళ్ళు కనబడుతున్నాయి," అంది పక్కావిడ, నడుం పట్టుకుని.

హైమవతి కవరు నీళ్ళలో అల్లుకున్న తూటికాడల్లో చిక్కుకుంది. లాగితే బరువుగా వచ్చింది. ఆదివారం పెరట్లో గోంగూర కోసి, ఆకు ఆకూ ఏరి, ఆడపడుచు ఝాన్సీకి పంపిన కవరది.

"పచ్చడి భలే కుదిరింది వదినా, మా ఆయన మారు వడ్డించుకున్నారు," అని ఝాన్సీ నిన్ననే ఫోన్లో చెప్పింది.

తను వేసిన ముడి వేసినట్టే ఉంది. లోపల ఆకు నల్లబడిపోయింది.

"ఎవరికైనా ఇచ్చారామ్మా? పేరు చెబితే తప్పు వాళ్ళ మీద రాస్తాను," అన్నాడు గట్టు మీది గుమాస్తా.

హైమవతి ఆ ముడిని గుప్పిట్లో మూసేసింది.

"ఎవరికీ ఇవ్వలేదండీ. నేనే పారేశాను."