మూడో ఆధారం

"శత్రువులు ఈ నగరాన్ని కూల్చేశారని పుస్తకంలో ఉంది. మరి ఫొటోలో గోడ మెట్లు మెట్లుగా ఉందేంటి టీచర్?"

తెర మీద వేల ఏళ్లనాటి ఇటుక గోడ. ముందు బెంచీ పిల్ల ప్రశ్నకు టీచరమ్మ తడబడింది. వెనక కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకున్నాడు. ఆవిడ ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆ కాగితం మీదే.

కిటికీ కింద సిమెంటు పూస్తున్న నావైపు తిరిగింది.

"మేస్త్రీ గారూ, మీరేమంటారు?"

"మూడో తరగతితో బడి మానేసిన మొహం నాది. నన్నడిగితే ఎలాగమ్మా?"

"గోడను చూసి చెప్పండి, చాలు."

తాపీ కింద పెట్టాను. "ఇది కూల్చింది కాదమ్మా, విప్పింది. పడగొడితే కింద ముక్కలుండాలి. ఒక్కటీ లేదు. ఇటుక విరక్కుండా తియ్యాలంటే మేమూ పైనుంచి ఇలా మెట్లుగానే తీస్తాం."

"అంటే పుస్తకం తప్పంటావా?" ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"పుస్తకం సంగతి నాకు తెలియదండీ. పగతో వచ్చినవాళ్లకు ఇంత ఓపికుంటుందా? వేరేచోట ఇల్లు కట్టుకోబోయేవాళ్ల పని ఇది."

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. తెర దగ్గరికెళ్లి గోడ అడుగును చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి, తను రాసింది కొట్టేశాడు.

"ఆధారాలు బోర్డు మీద రాయించండి టీచర్."

ఆ పిల్లే రాసింది. మొదటిది పుస్తకం, రెండోది ఫొటో. మూడోది నేను కూడబలుక్కుని చదివాను. తాపీ మేస్త్రీ.