దోమతెర కప్పిన ఆగాకర పందిరి

"పదిహేడు!" అన్నారు జ్ఞానానందం మాస్టారు, పెరటిగోడ మీదుగా పొరుగింటి ఏసమ్మ పందిరిని తేరిపార చూస్తూ.

"ఏటవి?" అంది భార్య షాలిని.

"ఆగాకరకాయలు. నిన్న పన్నెండే."

"మరి మనకెన్ని?"

మాస్టారు తమ పందిరి వైపు తిరిగారు. పాతపట్నం బడిలో ముప్పైనాలుగేళ్లు చరిత్ర బోధించి, ఎన్నో సామ్రాజ్యాలను నల్లబల్ల మీద కూలదోసిన ఆ మహానుభావుడికి సొంత పెరట్లో ఒక్క కాయ కాయించడం సాధ్యం కాలేదు. తీగ మాత్రం పందిరిని ఆక్రమించి, పసుపు పూలతో ఏటా పట్టాభిషేకం చేసుకుంటోంది. మూడేళ్ల కిందట ఏసమ్మే కొండ నుంచి రెండు దుంపలు తెచ్చి, ఒకటి తాను నాటుకుని రెండోది ఆయనకిచ్చింది.

"గొడ్డుదుంప అంటగట్టింది," అన్నారు పళ్లు నూరుతూ.

"పోన్లెండి, పూలున్నాయి కదా. జడలో ఎట్టుకుంటాను."

ఆ పరిహాసం ఆయనకు కారం రాసినట్టయింది. వచ్చే నెలలోనే కోతపండుగ. సంఘస్థులు తెచ్చిన కాపులో మేలైన బుట్టను పాస్టరుగారు ప్రసంగవేదిక పక్కన పెడతారు. రెండేళ్లుగా ఆ సింహాసనం ఏసమ్మ బుట్టదే. ఈసారి అది తనదేనని మాస్టారు ఊరంతా ముందే చాటుకున్నారు.

ఆ మునిమాపువేళ కుట్ర బయటపడింది. బూడిదరంగు రెక్కలపురుగులు ఆయన పూలలో మూతులు ముంచి, తిన్నగా గోడ దాటి ఏసమ్మ పూల మీద వాలుతున్నాయి. చరిత్రకారుడికి ఇంతకన్నా ఏ శాసనం కావాలి? ఇది పట్టపగ్గాల్లేని దోపిడీ!

మర్నాటికి ఇంట్లోని దోమతెరలన్నీ పందిరెక్కాయి.

"మరి మనం?" అంది షాలిని గోక్కుంటూ.

"యుద్ధకాలంలో ఆమాత్రం కాట్లు ఓర్చుకోవాలి."

వ్యూహం ఫలించింది. మూడు వారాల్లో ఏసమ్మ పందిరి బోసిపోయింది. పిందెలు పండుబారి రాలిపోయాయి. తన తీగ ఇంకా కాయలేదన్న మాట నిజమే. అయినా ఆమె బుట్ట ఖాళీ కావడంతోనే ఆయన కడుపు నిండింది. అంతకుముందు ఏ రాత్రీ అంత హాయిగా నిద్రపోలేదు, దోమలున్నా సరే.

పండుగ ముందురోజు ఏసమ్మ వట్టిబుట్ట చంకనెట్టుకుని వచ్చింది. పందిరిని చూసి నిలబడిపోయింది.

"ఏటి మాస్టారూ, తీగకి దోమతెరా? దానికీ మలేరియా వస్తాదేటి?"

"దొంగలొస్తున్నారు," అన్నారు మాస్టారు, నిండుసభలో తీర్పు చెబుతున్నట్టు. "నా తీగ సారం పీల్చి నీ పందిరికి మోస్తున్నారు. రెండేళ్లు నా సొత్తుతో సింహాసనమెక్కావు ఏసమ్మా! ఇక చెల్లదు."

ఏసమ్మ తెరనీ, ఆయననీ మార్చి మార్చి చూసింది.

"అంత సదువు సదివినోరు, మీకు తెలుసనుకున్నాను."

"ఏం తెలియాలి?"

"ఆగాకరలో ఆడతీగ ఏరు, మగతీగ ఏరు. నా కాయలన్నిటికీ తండ్రి మీ తీగే, మాస్టారూ."