క్షేమానికి మార్కులు

"తాగుతాడా?" అని అడిగాడు సోమయాజులు.

"మానేసినాడు బాబూ. పోయినేడు నించీ సుక్క ముట్టుకోనేదు," అంది సింహాచలమ్మ.

సోమయాజులు ఆ గడిలో టిక్కు పెట్టాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకునే మెచ్చుకోలుగా తల ఊపాడు.

జనం ఎంత క్షేమంగా ఉన్నారో పేటల వారీగా కొలిచే సర్వే అది. ఉద్యోగం, చదువు, ఆరోగ్యం, అలవాట్లు, అన్నిటికీ మార్కులున్నాయి. సంపాదించే మగవాడు లేని ఇళ్ళు నాలుగు తేలితే రేవు పక్కన తెలుగు పారిశుధ్య పనివాళ్ళుండే ఈ వాట్‌గంజ్ లైనుకు డిస్పెన్సరీ ఇస్తారు. ముప్పై తొమ్మిది ఇళ్ళు తిరిగేసరికి మూడు తేలాయి. ఇది ఆఖరి ఇల్లు.

ఇళ్ళు చూపించడానికి వచ్చిన బడి మేస్టారు దయారత్నం గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. నిరుడు వానల్లో ఆయన తన భార్య డోర్కాస్‌ను రిక్షాలో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి బయల్దేరాడు. ఓడ కోసం రేవు వంతెన ఎత్తి ఉంది. అది దించేసరికి ఆమెకు ఆసుపత్రి అవసరం లేకపోయింది.

ఇంటాయన గురవయ్య మురుగు గొట్టాల పనివాడని, వయసు ముప్పై ఆరని సోమయాజులు రాసుకున్నాడు. ఆమె పనికి వెళ్ళదట, ఇంటిపట్టునే ఉంటుందట. ఏడాదిలో జబ్బులు, ప్రమాదాలు, చావులు ఏమీ లేవట.

"నాగాలు పెడతాడా?"

"ఒక్కటీ నేదు."

"చెయ్యి చేసుకుంటాడా?"

"ముందు కొట్టీవోడు. ఇప్పుడు నేదు."

"అలాటి మొగుడు అందరికీ దొరుకుతాడేటి?" అని పక్కింటి అప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సింహాచలమ్మ ఆమె వైపు చూడలేదు. సింహాచలమ్మకు నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు.

సోమయాజులు మార్కులు కూడుతుంటే దయారత్నం ఆమెను పక్కకు పిలిచాడు.

"గురవయ్య పనిలో లేడని చెప్పు సింహాచలమ్మా. ఈ ఒక్క ఇల్లు చాలు."

"నా పెనిమిటి పన్లో నేడని నా నోటితోనే సెప్పాలేటి మేస్టారూ?"

"ఆ కాగితం ఎవరికీ చూపించరు."

"కాయితం మీద పడినాక మన సేతిలో ఉంటాదా? ఆసుపత్రి ఒస్తే ఒస్తాది. రేపు నా పిల్లలేటి తింటారు?"

అలా అడిగినందుకు దయారత్నానికి తన మీద తనకే రోత కలిగింది.

"ఎనభై రెండు," అన్నాడు సోమయాజులు లేచి నిలబడి. "లైను మొత్తానికి ఇదే ఎక్కువ. మీ వాళ్ళు బాగానే ఉన్నారు మేస్టారూ. డిస్పెన్సరీ ఇంకా అవసరమైన పేటకు వెళ్ళాలి కదా."

సంచిలోంచి సబ్బు తీసి చేతులు కడుక్కున్నాడు. ఆ ఇంట్లో ఆయన ముట్టుకున్నది తన కలాన్ని, కాగితాన్ని మాత్రమే. దయారత్నం చెంబుతో నీళ్ళు పోశాడు. ఆ నురగ పక్కనున్న మురుగు కాలవలో కలిసింది. సోమయాజులు జీపెక్కి వెళ్ళిపోయాడు.

రెండు గంటలకు సందు చివర రెండో పూట హాజరు. దయారత్నం బడికి ఆ దారినే వెళ్ళాలి. చీపుళ్ళు పట్టుకుని మగవాళ్ళూ ఆడవాళ్ళూ వరసలో నిలబడ్డారు. పని చేయించే సర్దారు హాజరు పుస్తకం తెరిచి, తల ఎత్తకుండా పేర్లు పిలుస్తున్నాడు.

"గురవయ్య."

"హాజిర్," అంది సింహాచలమ్మ.

మాన్‌హోల్లో గురవయ్య చనిపోయి ఏడాది దాటింది.