రెండు వందల పన్నెండో ఇల్లు

ఆకలేస్తోందని కడుపు చెప్పినా గడియారం చూసి నిర్ధారించుకుంటే తప్ప కంచం ముందు కూర్చోడు. రుజువుల పిచ్చి ఇంతున్న మనిషి ఏ ఆధారంతో పెళ్లికి ఒప్పుకున్నాడో అని ఆ సంక్షేమ శాఖ అధికారి భార్య అక్కచెల్లెళ్ల దగ్గర వాపోయేది. ఈ మధ్య వాపోవడమూ మానేసింది.

ఆఫీసులో మాత్రం ఆ పిచ్చికే విలువ. ఒంటరివాళ్ల ఇంటికి వారానికోసారి కార్యకర్తను పంపి, గంటసేపు కబుర్లు చెప్పించే పథకం ఒకటుంది. మూడు వందల ఇళ్లలో ప్రయోగం చేసి చూశారు. ఇక మీదట ఎవరింటికి పంపాలో లెక్కలు చూసి ఆయనే తేల్చాలి. తేల్చేశాడు కూడా: ఇంట్లో ఒక్కరే ఉంటున్నవాళ్లకు మాత్రమే. సాయంత్రం సంతకం పడితే అదే రూలు.

అడ్డొచ్చింది రెండు వందల పన్నెండో నంబరు. ఆ కాగితాల్లో పేర్లూ చిరునామాలూ ఉండవు, నంబర్లే.

ఇంట్లో ఎంతమంది? ఇద్దరు.

రోజూ మీతో మాట్లాడేవాళ్లు? సున్నా.

ఆ ఇంటికి వెళ్లే కార్యకర్తను పిలిపించాడు.

"రాసుకోవడంలో పొరపాటు పడ్డావమ్మా. కొట్టేస్తున్నాను."

"పొరపాటు కాదు సార్! ఆరు వారాలుగా వెళ్తున్నాను. నేను వెళ్లేసరికి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని కూర్చునుంటారావిడ. లేస్తానంటే, ఇంకో ప్రశ్న ఏదన్నా అడగరాదూ అంటారు. కొట్టేస్తే ఆ గంట కూడా పోతుంది సార్."

"మొగుడున్నాడుగా ఇంట్లో?"

"ఉన్నారట. ఏం చెప్పినా 'ఊఁ' అంటారట. దాన్ని మాట కింద రాసుకుంటావా అమ్మాయీ, అని నన్నే అడిగారు."

"ఊఁ," అన్నాడాయన, కాగితం తిప్పుతూ.

"ఇవాళ వెళ్లాల్సిన రోజే సార్. మీరూ ఒకసారి రండి. కళ్లతో చూస్తే అదీ రుజువేగా?"

రుజువన్న మాటకు లేచాడు.

బస్సులో దారి పొడుగునా పాఠం చెప్పాడు. "మూడొందల్లో ఒక్కటి తేడాగా ఉందంటే, తప్పు ఆ ఒక్కదానిదేనమ్మా."

బస్సు దిగి, మందుల షాపు పక్క సందులోకి తిరిగేసరికి పాఠం ఆగిపోయింది. మూడో అంతస్తుకు మెట్లెక్కుతున్నప్పుడు కూడా ఆయన నోరు విప్పలేదు. ఆయాసం కాబోలనుకుంది కార్యకర్త.

"ఇదే సార్," అని బెల్లు వైపు చెయ్యి చాపింది.

ఆయన ఆమెను నొక్కనివ్వలేదు. జేబులోంచి తన తాళంచెవి తీసి తలుపు తెరిచి, ఎదురెదురు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చున్న భార్యతో, "పొరపాటు నాదేనే," అన్నాడు.