పన్నెండు రంగుల విశ్రాంతి

"ఎండుటాకు ఎక్కడైనా ఎర్రగా ఉంటుందట్రా?" అని అత్తగారు మూడోసారి అడగడం, గుమ్మంలో చెప్పులు విడుస్తున్న ఇల్లాలికి వినిపించింది.

ఆవిడ కొడుకు, అంటే ఇల్లాలి భర్త, జవాబుగా తన సంచీలోంచి షేడ్ కార్డు తీసి బల్ల మీద పరిచాడు. గోడలకు వేసే రంగులు అమ్మే దుకాణం అతనిది. ఎరుపులో ఇరవై రెండు రకాలున్నాయనీ, వాటిలో ఏడు ఎండుటాకుకు పనికొస్తాయనీ అతని వాదన. అత్తగారు ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. తాను చెప్పాక కూడా ఎదురు చెప్పేవాళ్లు లోకంలో మిగిలి ఉండడం ఆవిడకు ఇప్పటికీ వింతే. కాలేజీలో చదివే మనవరాలు ఈ గొడవలో తల దూర్చలేదు. వేళ్లకు అందీ అందని నారింజ రంగు పెన్సిలు ముక్కతో, వాళ్లిద్దరూ తగువాడుకుంటున్న ఆ ఆకుకే రంగు వేసేసింది. దాంతో తగువు ముక్కోణమైంది.

ముగ్గురూ కలిసి చేస్తున్నది విశ్రాంతి.

అసలు ఆ విశ్రాంతి ఇల్లాలికి రాసిచ్చినది. మూడు వారాల కిందట డాక్టరమ్మ ఆమె చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి పెదవి విరిచింది. రోజూ ఓ గంట అన్నీ పక్కనపెట్టి కూర్చోమంది. బొమ్మలకు రంగులు వేసుకున్నా మంచిదేనంది. మూడు వారాల్లో బీపీ దిగకపోతే ఇక జన్మంతా మాత్ర తప్పదంది. మాత్ర అంటే ఆమెకు హడలు. వాళ్లమ్మ ఒక్కదానితో మొదలుపెట్టి తొమ్మిదికి చేరిన మనిషి.

ఆ సాయంత్రమే భర్త ఆకురాలే కాలపు బొమ్మల పుస్తకం, పన్నెండు రంగు పెన్సిళ్ల పెట్టె తెచ్చిపెట్టాడు. ఆమె ఒక కొమ్మ మొదలుపెట్టింది. నాలుగు ఆకులు అయ్యాయో లేదో అత్తగారు కళ్లజోడు సర్దుకుని, "గీత దాటుతోందమ్మాయ్, ఇలా ఇయ్యి" అని పుస్తకం లాక్కున్నారు. గీత ఎలా దాటకూడదో చూపించడానికి ఆవిడకు ఆరు పేజీలు పట్టింది. తర్వాత రంగులో రంగు ఎలా కలపాలో చూపించడానికి భర్త ఎనిమిది పేజీలు తీసుకున్నాడు. కూతురు ఫోను పక్కనపెట్టి వచ్చి కూర్చుందన్న ఆనందంలో దానికెన్ని పేజీలిచ్చారో ఎవరూ చూడలేదు. ఆ బల్ల దగ్గర నాలుగు కుర్చీలు. నాలుగో కుర్చీలో షేడ్ కార్డులుండేవి.

అలాగని ఆమెను చిన్నచూపు చూశారనుకుంటే పొరపాటే. పెన్సిలు ములుకు విరిగిన ప్రతిసారీ ఆమెనే పిలిచేవారు. అత్తగారికి ములుకు సూదిలా ఉండాలి. కూతురిది మొరటు చెయ్యి, నొక్కితే పుటుక్కున విరిగేది. భర్తకు రెండు గీతలకే మొద్దుబారినట్టు అనిపించేది. ఆమె అన్నీ పట్టుకెళ్లి, వంటింటి కిటికీ పక్కన పీట వేసుకుని షార్పనరుతో చెక్కుకొచ్చేది. ఆలస్యమైతే ముందుగదిలోంచి కేకలు. పెన్సిలు చెక్కడానికి ఇంతసేపా అని భర్త విసుక్కుంటే, దానికి చేసే పని మీద ధ్యాస ఎక్కడేడిసిందని అత్తగారు అందుకునేవారు. పెన్సిళ్లు కూడా నాసిరకమేననీ, వారం తిరక్కుండానే వేలెడు అరిగిపోయాయనీ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడి అమ్మినవాణ్ణి తిట్టిపోశారు.

వాకిట్లో చెట్టు కూడా ఆకులు రాలుస్తూనే ఉంది. వాటిని ఊడ్చడంలో ఎవరికీ విశ్రాంతి కనబడలేదు కాబట్టి ఆ పని ఆమెకే వదిలేశారు.

ఇవాళ పుస్తకంలో ఆఖరి పేజీ. దారికి అటూ ఇటూ చెట్లు, దారి నిండా ఆకులు.

"వచ్చావా? ఆ ఎర్రది కాస్త చెక్కిపెట్టు," అన్నాడు భర్త, తల ఎత్తకుండానే.

కూతురు పెట్టె మూత తీసింది. ఎర్రది లేదు. మిగిలినవి గోరంత ముక్కలు.

"ఇందులో పెన్సిళ్లేవే అమ్మా?"

అప్పుడు ముగ్గురూ తలెత్తారు. ఆమె చేతిలో మడత పెట్టిన చీటీ ఉంది. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లిందన్న సంగతి భర్తకు అప్పుడు గుర్తొచ్చింది.

"మాత్ర రాసేశారా?" అన్నాడు, కాస్త మెల్లగా.

ఆమె చీటీ అందించింది. నూట ఇరవై, ఎనభై. మాత్ర అక్కర్లేదని కింద రాసి ఉంది.

పుస్తకం తెచ్చిన వేళ మంచిదన్నాడు భర్త. గీత దాటకుండా తాను నేర్పబట్టి సరిపోయిందన్నారు అత్తగారు. అమ్మ అసలెప్పుడు రంగులేసిందని కూతురు అడిగితే, ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఇంతలో భర్త ఈసారి మంచు బొమ్మల పుస్తకం తెస్తానన్నాడు. "మంచుకు ఏం రంగేస్తావురా, నీ మొహం," అన్నారు అత్తగారు. తెలుపులో పద్నాలుగు రకాలున్నాయంటూ అతను మళ్లీ కార్డు తీశాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి పిండి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. అంచుదాకా పెన్సిలు పొట్టు. పల్చగా, మెలికలు తిరిగి, అంచున ఎర్రటి చార ఉన్నది ఒకటి, పసుపుది ఒకటి, మధ్యలో నారింజవి. వాకిట్లో రాలినవి వీటి ముందు దిగదుడుపే.

"మీరు విరగ్గొట్టినవాటికి వచ్చింది ఇందులో సగమే. మిగతాది నేను ఊరికే కూర్చుని చెక్కాను," అంది ఆమె. "తిప్పుతుంటే ఒక్కో రేకూ దానంతటది రాలుతుంది. చూస్తుంటే గంట ఇట్టే గడిచిపోతుంది."

ఆమె డబ్బాకు జాగ్రత్తగా మూత పెట్టి, అందరికీ కలిపి ఒక్కసారే చెప్పింది.

"రేపు నాకు ముప్పై ఆరు రంగుల పెట్టె తెచ్చుకుంటున్నాను. పుస్తకం అక్కర్లేదు."